గడ్డిలో పడిన దారి

"ఏమండీ! చుట్టూ తిరిగి ఎందుకు వెళ్తున్నారు?"

కళ్ళజోళ్ళ షాపతను ఆగాడు. ఒక చేతిలో భోజనం డబ్బా, చంకలో గొడుగు. గడ్డి తొక్కకుండా, పద్ధతిగా, ఖాళీ స్థలం అంచు వెంట ఇంటికి నడుస్తున్నాడు. పద్ధతిగా ఉన్నందుకు చీవాట్లు తినడం అతనికి ఇదే మొదటిసారి.

"గడ్డి తొక్కకూడదు కదండీ."

"ఎవరు చెప్పారు?"

"ఏ పార్కులో చూసినా బోర్డు ఉంటుంది కదా."

"ఇది ఇంకా పార్కు కాలేదు. తొక్కండి. మీ కాళ్ళు ఎటు పోతే అటు నడవండి," అంది ఆ అమ్మాయి, గడ్డి మధ్యలో వేసుకున్న టేబుల్ మీది మ్యాపు ఎగిరిపోకుండా రెండు ఇటుకలు పెడుతూ. "మీలాంటివాళ్ళు చుట్టూ తిరిగితే నా పని పాడవుతుంది."

ఆమె ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. అంటే, అందరూ ఇళ్ళు కట్టుకోగా మిగిలిన చోటును ఏం చెయ్యాలో ఆలోచించే మనిషి. నాలుగేళ్ళు ఆఫీసులో ఇతరుల ప్లాన్లకి రంగులు వేసింది. ఈ స్థలం, మొదటి నుంచి చివరి వరకూ తన చేతికే వచ్చిన మొదటి పని.

రెండు వరసల ఫ్లాట్ల మధ్య ఉన్న ఆ స్థలం నిన్నమొన్నటిదాకా చెత్తకుప్ప. శుభ్రం చేసి వదిలితే వానలకి పాదం మునిగేంత గడ్డి మొలిచింది. మూడు వారాల తర్వాత ఆదివారం మీటింగు. అందరూ చేతులెత్తి ఒప్పుకుంటే పార్కు. ఒప్పుకోకపోతే కార్ల పార్కింగు. ఆ సంగతి సెక్రటరీగారు ముందే తేల్చి చెప్పారు. ఆయనకి రెండు కార్లున్నాయి.

ఆమె పనిచేసే పద్ధతి కొంచెం వేరు. వచ్చినవాళ్ళ చేతికి పిన్నులిచ్చి మ్యాపు మీద గుచ్చమంటుంది. కూర్చోవాలనిపించే చోట పసుపు, నీడ కావాల్సిన చోట పచ్చ. నడిచే దారుల సంగతి మాత్రం ఎవరినీ అడగదు. గడ్డి కొయ్యకుండా వదిలేస్తుంది. మూడు వారాల్లో జనం కాళ్ళే గీత గీస్తాయి, ఆ గీత మీద రాయి పరుస్తారు. ముందే చెబితే కావాలని నడుస్తారని ఈ ఒక్క ముక్కా రహస్యంగా ఉంచింది.

అక్కడే వచ్చింది చిక్కు.

అతని షాపు స్థలానికి ఈ పక్క, ఇల్లు ఆ పక్క. మర్నాటి నుంచి అతను గడ్డి మీదుగానే నడిచాడు. నడుస్తూ నడుస్తూ టేబుల్ దగ్గర కాస్త ఆగేవాడు. అప్పటిదాకా ఏదీ మరిచిపోని మనిషి, ఒక్కసారిగా అన్నీ మరిచిపోవడం మొదలుపెట్టాడు.

"మళ్ళీ ఏం మరిచిపోయారు?"

"పెన్ను."

"షాపులో పెన్ను లేదా?"

"ఉందండీ. నీలం."

"మరి?"

"నల్లది కావాల్సి వచ్చింది."

ఆమె నవ్వు ఆపుకోవడంలో పచ్చ పిన్ను ఒకటి మ్యాపులో పక్క బిల్డింగు వాళ్ళ మెట్ల మీద గుచ్చి, పీకి, సరిచేసింది.

ఒకరోజు ఉన్నట్టుండి వాన దంచేసింది. టేబుల్ పైన కట్టిన నీలం టార్పాలిన్ గాలికి ఎగిరి అవతల పడింది. అతను షాపు నుంచి గొడుగుతో పరిగెత్తుకొచ్చాడు. ఆమె మీద పట్టాలా, మ్యాపు మీద పట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించి, మ్యాపు మీద పట్టాడు. ఆమె నిలువునా తడిసిపోయింది.

"ఇంకెవరైనా అయితే నా మీద పట్టేవారు," అంది జుట్టు పిండుకుంటూ.

"సారీ అండీ."

"మెచ్చుకుంటున్నానండీ బాబూ! రెండొందల పిన్నులున్నాయి దాని మీద."

ఆ పిన్నుల్లో ఎనిమిది పసుపువి ఒకేచోట, టేబుల్‌కి నాలుగడుగుల దూరంలో గుండ్రంగా ఉన్నాయి. అవి అతని తల్లివీ ఆవిడ స్నేహితురాళ్ళవీ. రోజూ సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి అక్కడే కూర్చుంటారు.

"చూడమ్మాయ్, బెంచీలు వరసగా వేశావంటే ఊరుకోను," అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. "పక్కపక్కన కూర్చుంటే ఎవరి మొహం చూసి మాట్లాడతాం? బస్సు కోసమా?"

ఆ మాట ఆమె నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

ఆదివారం వచ్చింది. ఫ్లాట్ల కింది హాల్లో జనం నిండారు. గోడ మీద పెద్ద షీటు. ప్లాను చూసి ఇల్లు కొన్నవాళ్ళకి తెలుసు, కాగితం మీద వంటగది ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుందని. కాబట్టి అందరూ అనుమానంగానే చూస్తున్నారు.

ఆమె చెప్పుకుపోయింది. నీడ ఇక్కడ, పిల్లల ఆటలు అక్కడ. తర్వాత దారులు. గడ్డి రహస్యం అప్పుడు బయటపెట్టింది.

"మొత్తం మూడు దారులు పడ్డాయి. ఈ అడ్డంగా వెళ్ళేది అన్నిటికన్నా లోతుగా పడింది. కనీసం నలభైమంది రోజూ నడుస్తున్నారని నా లెక్క. మధ్యలో చిన్న వంపు ఉంది చూడండి, బహుశా నేలవాలు వల్ల."

వంపు ఉన్నచోటే మూడు వారాలు తన టేబుల్ ఉందన్న సంగతి ఆమెకి తట్టలేదు. నెత్తిన కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్ళని అతను రోజూ చూస్తాడు. కానీ ఇప్పుడతనికి నవ్వు రాలేదు. చివరి వరసలో, ముందువాళ్ళ తలల చాటుకి ఒదిగాడు.

అతని తల్లి లేచింది. "అమ్మాయ్, ఆ దారి మా ఎనిమిదిమంది మధ్యలోంచి పోతోంది. నలుగురం ఇటు, నలుగురం అటు కూర్చుని కేకలేసుకోవాలా?"

"ఆంటీ, మీ చోటు కాస్త పక్కకి జరిపాను..."

"గాలి కూడా జరుగుతుందా పక్కకి?"

హాలు నవ్వింది. సెక్రటరీగారు వాచీ చూసుకున్నారు.

"నలభైమంది నడిచే దారి మూసెయ్యలేను ఆంటీ. కాళ్ళు అబద్ధం చెప్పవు."

"నలభైమందా! సాయంత్రమంతా అక్కడే ఉంటాం, ఒక్కడూ కనపడడు. పగలు ఎవడో పనిలేనివాడు తొక్కి తొక్కి పెట్టాడు. దొరికితే వాడి కాళ్ళు... సరే, మా ఎనిమిది చేతులూ లేవవు. అంతే."

ఆవిడ చెయ్యి లేవకపోతే ఆ వరస ఫ్లాట్లలో పాతికమంది చేతులు లేవవు. అమ్మాయి షీటు మీది దారిని వేలితో మళ్ళీ మళ్ళీ కొలవడం అందరూ గమనించలేదు. చివరి వరస గమనించింది.

"ఆ పనిలేనివాణ్ణి నేనేనమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు.

"నలభైమంది కాదండీ. నేనొక్కణ్ణే."

"మీరు రోజుకి రెండు మూడుసార్లే కదా," అంది ఆమె. "నేను చూస్తూనే ఉన్నాను."

"మీరొచ్చేది సోమ, బుధ, శుక్రవారాలు. ఆ రోజుల్లో రెండు మూడుసార్లే." గొంతు సవరించుకున్నాడు. "మీరు రాని రోజుల్లో ఇరవైసార్లు. వచ్చారేమోనని."

"ఓరి నీ..." అంది తల్లి. "డబ్బా మరిచిపోయా, తాళాలు మరిచిపోయా అంటే, నీకు మతిమరుపొచ్చిందనుకుని డాక్టరు దగ్గర టోకెను కూడా తీసుకున్నాను కదరా!"

ఈసారి హాలు నవ్విన నవ్వుకి పైఫ్లాట్లలోంచి తలలు బయటికొచ్చాయి. అమ్మాయి మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రగా ఉంది. అందులో కోపం ఎంతో, మిగతాది ఎంతో చెప్పడం కష్టం. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, షీటు మీది దారిని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొట్టేసింది.

"క్షమించండి. ఈ దారి ఇక్కడ లేదు. ఆంటీ వాళ్ళ చోటు వాళ్ళకే ఉంటుంది. గుండ్రంగా అరుగు కట్టిస్తాను, ఎదురెదురుగా కూర్చోవచ్చు. షాపు వైపు వెళ్ళేవాళ్ళు," పెన్నుకి మూత పెట్టి, "చుట్టూ తిరిగే వెళ్తారు. ఇప్పుడు చేతులెత్తండి."

మొదట లేచింది అతని తల్లి చెయ్యి. సెక్రటరీగారు రెండుసార్లు లెక్కపెట్టినా పార్కే గెలిచింది.

షీటు చుట్టి సంచీలో పెట్టుకుని ఆమె అతనితో మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర తల్లి అడిగింది. "కోపంగా వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"వెనక్కి తిరిగి చూసిందా?"

"లేదు." అన్నం కలుపుతూ, "గేటు దగ్గర ఒకసారి."

"అయితే తిను," అంది ఆవిడ, ఇంకో గరిటె వడ్డిస్తూ. "ఆ పిల్ల నాకు నచ్చింది. చెప్పింది వింటుంది, తప్పయితే కొట్టేస్తుంది. నీకు పనికొస్తుంది."

సోమవారం ఆమె రాలేదు. బుధవారం రాలేదు. అతను షాపు గడప దాటలేదు, గడ్డి వైపు చూడటానికే మొహం చెల్లలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె షాపులోకే వచ్చింది. గోడ మీది అక్షరాల చార్టు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"మిగతా రెండు దారులూ మళ్ళీ వెళ్ళి చూశాను. అవి నిజమైనవే."

"సంతోషమండీ."

"మూడు వారాల పని మీద మీరు నడిచేశారు. తెలుసా?"

"తెలుసండీ. నా మీద కోపం పోవడానికి ఎన్నాళ్ళు..."

"ఆదివారం రాత్రే పోయింది. ఆ హాల్లో మీరు నోరు మూసుకుని కూర్చుంటే మీకు ఏ నష్టమూ ఉండేది కాదు. నా పార్కు పోయేది." చార్టులో ఆఖరి వరస చదువుతున్నట్టు కళ్ళు చికిలించింది. "మంగళవారం మా నాన్నకి చెప్పాను."

"ఏమని?"

"సర్వేలో పెద్ద పొరపాటు జరిగిందని. మొత్తం వివరంగా చెప్పాను."

అతను చేతిలోని ఫ్రేము నెమ్మదిగా కింద పెట్టాడు. "ఆయనేమన్నారు?"

"అంతా విన్నారు. విని, 'ఆ పొరపాటు ఏం ఉద్యోగం చేస్తాడమ్మా?' అని అడిగారు."