అన్ని బడుల తలుపులూ

సర్వర్ రూమ్ తలుపు చప్పుడైతే ఫాదర్ వెనక్కి తిరిగారు. సైలెన్సర్ పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఆయన తెల్లటి అంగీ ఎర్రబడింది. కీబోర్డు మీదికి ఒరిగిపోయారు.

మర్నాడు ఉదయం చీఫ్ ఆ శవం ఫోటోని బల్లమీద పడేశాడు. ఎదురుగా ఉన్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ముంగిస అంటారు.

"నాకు లెక్కలు నేర్పింది ఈయనే సార్," అన్నాడు ముంగిస ఫోటోని దగ్గరికి లాక్కుని.

"అందుకే నిన్ను పిలిచాను. రెండు పేద కేథలిక్ స్కూళ్లకి కలిపి ఒక కంప్యూటర్ ల్యాబ్ పెట్టాడాయన. పక్కది చేరింది, ఆ పక్కది చేరింది. ఇవాళ దేశంలోని కేథలిక్ స్కూళ్లన్నిటిదీ ఒకే నెట్‌వర్క్. పాఠాలు, కెమెరాలు, గ్యాస్ లైన్లు, తలుపుల తాళాలు... అన్నీ ఆయన పోయిన ఆ సర్వర్ రూమ్‌లోంచే నడుస్తాయి. దానిమీద విదేశీ ముఠా కన్నుపడింది. ఇవాళ పిల్లలంతా ప్రార్థనకి హాల్లో చేరగానే తలుపులు బిగుసుకుపోతాయి. జైల్లో ఉన్న వాళ్ల నాయకుణ్ణి వదలకపోతే హాళ్లలోకి గ్యాస్ తెరుస్తారట."

"పిల్లల్ని ముందే పంపించేస్తే?"

"కెమెరాల్లో చూస్తారు. సర్వర్ ఆపినా గ్యాస్ తెరుచుకుంటుంది. ఫాదర్‌ని చంపిన గుండువాడి బొటనవేలు పెడితేనే అది ఆగుతుంది. లోపల మనకో మనిషుంది. కోడ్‌నేమ్ కస్తూరి. వాళ్ల జీతం తింటూ మనకి కబుర్లు చేరవేస్తుంది. అసలు ఎవరి మనిషో ఆ దేవుడికే ఎరుక."

ముంగిస మెకానిక్ వేషంలో వెళ్లాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో ఏనుగునైనా పడగొట్టే కరెంటు. ఎర్ర పట్టుచీరలో కస్తూరి గుమ్మంలోనే ఎదురైంది.

"ప్రింటర్‌లో ఇంకు అయిపోయిందా మేడమ్?"

"నలుపుంది. ఎరుపే లేదు."

కోడ్ సరిపోయింది. సర్వర్ రూమ్‌లోకి అడుగుపెట్టగానే చల్లటి పిస్టల్ అతని మెడకి ఆనింది.

"సారీ ముంగిసా! వీళ్ల జీతం ఎక్కువ," అంది కస్తూరి.

గార్డుని పక్కన నిలబెట్టుకున్న గుండువాడు నవ్వుతూ మీట నొక్కాడు. గోడ నిండా ఉన్న స్క్రీన్లలో హాళ్ల తలుపులు మూసుకున్నాయి. పిల్లలు బిక్కచచ్చి చూస్తున్నారు.

"మీ నాయకుణ్ణి వదిలితే?" అన్నాడు ముంగిస.

"వదిలినా గ్యాస్ తెరుస్తాం. టైమర్ మొదలైపోయింది. భయం ఉండాలిగా!"

కస్తూరి ముఖం పాలిపోయింది. "తలుపులు మూయడం వరకే, గ్యాస్ ఉత్త బెదిరింపే అన్నావ్! మా అక్క కూతురు అక్కడుందిరా!"

పిస్టల్ గుండువాడివైపు తిప్పింది. కానీ వాడి తూటాయే ముందు పేలింది. ఆమె కుప్పకూలింది. ఆ అరక్షణం ముంగిసకి చాలు. స్క్రూడ్రైవర్ గార్డు గొంతులో దిగింది, నీలం మెరుపొకటి మెరిసింది. ముంగిస తన్నుకి గుండువాడి పిస్టల్ ఎగిరిపడింది, కానీ వాడు దూసిన కత్తి ముంగిస భుజాన్ని చీల్చింది. ముంగిస వాడి తలని ఇనుప ర్యాక్‌కేసి బాదాడు. మళ్లీ బాదాడు. వాడు కత్తి వదిలేసరికి స్క్రీన్ మీద గ్యాస్ టైమర్ గీత చివరిదాకా పాకుతోంది. వాడి చెయ్యి పట్టి ఈడ్చి, నెత్తురు తుడిచి, బొటనవేలిని స్కానర్‌మీద అదిమాడు.

గీత ఆగింది. ఊరూరా తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు అరుచుకుంటూ ఎండలోకి పరిగెత్తారు.

ముంగిస మోకాళ్లమీద కూలబడి కస్తూరి కళ్లు మూశాడు. ఫోన్ మోగింది.

"ఎంతమంది బతికారు?" అడిగాడు చీఫ్.

"స్కూళ్లలో అందరూ సార్. ఈ గదిలోనే అటెండెన్స్ బాగా తగ్గింది."