నల్లటి ఫ్రేము

హోటల్ సర్వీస్ లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల మూలకి ఆనుకుని నిలబడ్డ మనిషి కదల్లేదు. చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, చిన్న ఎర్రటి మరక.

సర్వర్ వేషంలో ఉన్న ఏజెంట్ ట్రే కింద పెట్టి లోపలికెళ్ళాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ పిచ్చుక. చనిపోయినవాడు తోటి ఏజెంటే కాదు, సొంత అక్క భర్త.

“బావా!”

శవం జేబులో అరచేతిలో ఇమిడే కాంపాక్ట్ కెమెరా ఉంది. చంపినవాళ్ళు దాన్నెందుకు వదిలేశారు?

కెమెరా తీసుకుని, పై అంతస్తు గదిలో ఎదురుచూస్తున్న చీఫ్‌కి సంగతి చెప్పాడు. సోఫాలో నీలం గౌను గాయని. శత్రుదేశపు ముఠాలో ఉంటూనే వాళ్ళ గుట్టు డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే మనిషి. ఆమె నవ్వితే ఎదుటివాళ్ళు అడగబోయిన ప్రశ్న మరిచిపోతారు.

“టార్గెట్ శాంతి రాయబారి,” అన్నాడు చీఫ్. “ఈమె పాట అవగానే కింద హాల్లో ఆయన స్పీచ్. బాంబు కారులో ఉందని ఈమె సమాచారం. మనవాళ్ళందర్నీ పార్కింగ్‌కి పంపేశాను.”

పిచ్చుక కెమెరా ఆన్ చేశాడు. ఒకే ఒక్క ఫోటో. స్క్రీన్ నిండా కటిక నలుపు.

గాయని తొంగిచూసింది. “అయ్యో, ఏమీ పడలేదు. తీసెయ్యండి, చూసినకొద్దీ బాధేగా? వస్తాను, నా పాటకి టైమైంది.”

ఆమె వెళ్ళిపోయింది. పిచ్చుక వేలు డిలీట్ బటన్ మీదే ఆగింది. బావ ఎప్పుడూ ‘రా’ ఫార్మాట్‌లోనే తీస్తాడు. పిల్లల ఫోటోలూ అంతే. కార్డు ఊరికే నిండిపోతోందని అక్క సతాయించేది.

“చీఫ్, లాప్‌టాప్ ఇలా ఇవ్వండి.”

“నల్లగా ఉందిగా?”

“మామూలు జేపెగ్ ఫోటో అయితే నలుపు నలుపే. ఇది ‘రా’ ఫైల్. కెమెరా తనకి తోచినట్టు దిద్దదు. పడ్డ కాస్త వెలుగునీ ఉన్నదున్నట్టు దాచుకుంటుంది.”

ఫైలు లాప్‌టాప్‌లో తెరిచి వెలుగు పెంచాడు. నలుపు బూడిదరంగుకి తిరిగింది. గరుకు చుక్కల్లోంచి ఒక బల్ల తేలింది. దాని మీద విప్పిన మైకు. అందులోకి తీగ దూరుస్తున్న సన్నటి వేళ్ళు. ఇంకాస్త పెంచాడు. గౌను అంచు. ఆపైన, నవ్వు లేని గాయని ముఖం.

కింద చప్పట్లు. పాట అయిపోయింది.

పిచ్చుక మెట్లు దిగలేదు, దూకాడు. స్టేజీ మీద గాయని తను పాడిన మైకు కాక వేరే మైకు రాయబారికి అందించి పక్క తలుపు వైపు జరుగుతోంది. రాయబారి బొటనవేలు స్విచ్ మీదికి వెళ్తోంది.

“నొక్కకండి!”

స్టేజీ ఎక్కి ఆయన మణికట్టు ఒడిసిపట్టాడు. వేలికీ స్విచ్‌కీ మధ్య వెంట్రుకవాసి దూరం.

వెనకే దిగొచ్చిన చీఫ్ గాయనిని తలుపు దగ్గరే అడ్డగించాడు. ఆమె పిచ్చుక వైపు తిరిగింది. “ఆ ఫోటోలో ఏమీ లేదు. నేను చూశాను.”

“మీరు చూసింది స్క్రీన్‌ని. ఫోటోని కాదు.”

బాంబు స్క్వాడ్ మైకుని పట్టుకుపోయింది. పిచ్చుక వరండాలోకి వచ్చి అక్కకి ఫోన్ చేశాడు.

“ఏరా, మీ బావ ఫోన్ ఎత్తట్లేదు. నీ దగ్గరే ఉన్నారా?”

“నేను ఇంటికొస్తున్నానక్కా,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

రాయబారి మొండిఘటం, మైకు లేకుండానే స్పీచ్ మొదలుపెట్టాడు. వెనక వరసలకి ఒక్క ముక్కా వినపడలేదు. చప్పట్లు మాత్రం అక్కడినుంచే ఎక్కువ మోగాయి.