తొమ్మిది రోజుల జ్వరం

2074 నాటికి విశాఖపట్నంలో గుండెపోటంటే జనం పడిశం పట్టినట్టు మాట్లాడుకునేవారు. తొమ్మిది రోజులు జ్వరం కాసి, నెల తిరిగేసరికి కొత్త గుండెతో లేచి తిరిగేవారు. ఆ పుణ్యమంతా డాక్టర్ గొర్లె హైమవతిది.

చారల చేప గుండెలో ఐదో వంతు కోసేసినా మళ్ళీ మొలుస్తుంది. గాయం దగ్గరకు పరుగున చేరే రక్షణకణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, చచ్చిన కండను తినేసి, మచ్చను కరగనిచ్చి, కొత్త కండకు చోటిస్తాయి. మనిషిలో అవే కణాలు మచ్చ వేసేసి చేతులు దులుపుకుంటాయి. వాటికి చేప విద్య నేర్పి హైమవతి ‘అతుకుకణాలు’ తయారు చేసింది. ఒక్కటే పథ్యం. ఆ తొమ్మిది రోజులూ జ్వరం బిళ్ళ మింగకూడదు. ఒళ్ళు చల్లారితే అతుకుకణాలు పని సగంలో వదిలేస్తాయి.

ఆ కణాలకు మూలమైన చేపలను పన్నెండేళ్ళుగా సాకింది పైడిరాజు. యంత్రం వేసిన మేత అవి ముట్టవు. అతనికి గుండెపోటు వచ్చి అతుకుకణాలు ఎక్కించిన ఐదో రోజున, చేపలు చచ్చి తేలుతుంటే హైమవతి ఫోన్ చేసింది.

"రమ్మనడం లేదు పైడిరాజూ. ఎప్పుడొస్తావో చెప్పు, చాలు."

పెద్దవాళ్ళు ఎప్పుడొస్తావని అడిగితే దానికి ఒకటే అర్థం. పనివాడికి ఆ మాత్రం తెలియదా? మర్నాడు పొద్దున్నే అతను గేటు దగ్గరున్నాడు. జ్వరం ఉన్నవాళ్ళను చేపల గదిలోకి రానివ్వకూడదన్నది ఆమె పెట్టిన రూలే. గేటు యంత్రం అతని ఒంటి వేడి చూసి పచ్చదీపం వెలిగించింది.

"బేగి తగ్గిపోనాదండి," అన్నాడు పైడిరాజు, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఆరో రోజున జ్వరం తగ్గదని ప్రపంచంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. తెలిసీ, "చేపలు ఆకలితో ఉన్నాయి, పద," అంది.

పద్నాలుగో రోజున పైడిరాజు తొట్ల మధ్యే కూలిపోయాడు. శవాన్ని కోసి చూస్తే గుండె సగమే మొలిచింది. చొక్కా జేబులో జ్వరం బిళ్ళల అట్ట ఖాళీగా దొరికింది. హైమవతికి ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. దినకర్మ అయ్యేదాకా ఆమె ల్యాబ్ గడప తొక్కలేదు.

తిరిగి వచ్చేసరికి మూడు తొట్లు ఖాళీ.

"మేత వేసేవాళ్ళు లేరు," అంది గేటు యంత్రం. "ఆ చివరి వారంలో పైడిరాజు దగ్గర పని నేర్చినది బంగారమ్మ ఒక్కతే. ఆమెకు గుండెపోటు వచ్చి ఇది నాలుగో రోజు. జ్వరంలో ఉంది. పిలవమంటారా?"

హైమవతి తొట్టిలోకి చూసింది. ప్రయోగానికి గుండె కోసిన చేప ఒకటి, అది మళ్ళీ మొలిచేదాకా అడుగున కదలకుండా పడి ఉంది. ఎప్పుడు లేస్తావని దాన్ని ఎవరూ అడగడం లేదు.



"రమ్మనకు," అంది చివరికి. "ఎప్పుడొస్తుందో అడుగు, చాలు."