ఎర్రజెండా అవతల

"స్వర్ణలత అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్.

కడపలో నాపరాళ్ల షాపు వెనక గదిలో బ్రీఫింగ్. నల్లమల కనుమలో రేపు సాయంత్రం నాలుగూ పదికి మిలిటరీ స్పెషల్ వెళ్తుంది. దాన్ని పేల్చడానికి విదేశీ ముఠా టన్నెల్ నోటి దగ్గర కల్వర్టు కింద టైంబాంబు పెడుతోంది. రైలు ఆపితే ముఠా చెదిరిపోతుంది కాబట్టి ఆపరు. ముఠాలోకి తామే పంపిన స్వర్ణలత పది రోజులుగా రిపోర్టు పంపలేదు.

"కోడ్ అడుగు. జవాబు రాకపోతే కాల్చెయ్."

ఏజెంట్ హర్షవర్ధన్ తలూపాడు. ఆమెతో ఆరేళ్లు పనిచేశాడు. ఆమెను ప్రాణాలతో తీసుకురావాలనే ఈ కేసు అడిగి మరీ తీసుకున్నాడు.

మర్నాడు ట్రెక్కింగ్ టూరిస్టు వేషంలో పాత మీటర్‌గేజ్ దారి పట్టాడు. కళ్లజోడులో కెమెరా, బూటు మడమలో వైర్‌కట్టర్. తోడు పుల్లయ్య, ఈ లైనులోనే గ్యాంగ్‌మన్‌గా రిటైరైనవాడు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. లోయలో పాత వంతెన స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఇంత అందమైన చోటికి ఇలాంటి పనిమీద రావలసి వచ్చిందే అని హర్షవర్ధన్‌కు బాధ కలిగింది.

దారి మధ్యలో రెండు రాళ్ల నడుమ ఒక కర్ర. దానికి చించి కట్టిన ఎర్ర షిఫాన్ గుడ్డ.

"ఆగప్పా," అన్నాడు పుల్లయ్య. "అవతల మనోళ్లు పనిలో ఉండారని గుర్తు. పనయ్యేదాకా దాటగూడదు."

"పట్టాలే లేనిచోట పనేముంది పెద్దాయనా? ముఠా గుర్తయి ఉంటుంది."

దాటేశాడు.

నాలుగూ ఏడు. మలుపు తిరిగితే, పాత దారి ఇప్పుడు రైళ్లు నడిచే కొత్త లైనును కలిసేచోట, కల్వర్టు. దాని కింద, ముఠా పార్టీల ఫోటోల్లో చూసిన ఎర్ర షిఫాన్ చీరలోనే, స్వర్ణలత బాంబు ముందు మోకాళ్ల మీద ఉంది.

"బేతంచెర్లలో వానా?" అని కోడ్ అడిగాడు.

ఆమె తిరిగి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"స్వర్ణా, జవాబు చెప్పు."

ఆమె చెయ్యి బాంబు మీదికి వెళ్లింది. కాల్చాడు.

దగ్గరికి వెళ్తే తెలిసింది. ఒక్కటి తప్ప అన్ని తీగలూ కత్తిరించి, ఆ ఆఖరిది పక్కదానికి తగలకుండా పళ్లతో బిగించి పట్టుకుంది. ప్రాణం పోయినా వదల్లేదు. హర్షవర్ధన్ బూటు మడమలోని వైర్‌కట్టర్ తీసి ఆ తీగ కత్తిరించాడు. టైమర్ రెండు సెకన్ల దగ్గర ఆగింది.

రైలు పైనుంచి వెళ్లిపోయింది. వెనకే వచ్చిన పుల్లయ్య అలవాటుకొద్దీ తన పచ్చతువ్వాలు ఎత్తి చూపించాడు. తర్వాత ఆమె ముఖం చూసి కూలబడ్డాడు.

"మా గ్యాంగులో పనిజేసిన ఓబుళేశు కూతురప్పా ఇది. నాయనకు సద్ది తెచ్చి, పనయ్యేదాకా జెండా కాడనే నిలబడేది."

హర్షవర్ధన్ ఏడ్చాడు. శాటిలైట్ ఫోన్ మోగింది.

"రైలు వెళ్లిందా?"

"వెళ్లింది సార్."

"స్వర్ణలత?"

"డ్యూటీలోనే ఉండింది సార్. జెండా కూడా పెట్టింది. నేనే దాటేశాను."