గేరుబాక్సు చల్లబడే మలుపు

చీకటి పడ్డాక ఆ మలుపులో బండి ఆపకూడదు. కొండ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లంతా అదే మాట అంటారు.

ఎడమ పక్కన కప్పు కూలిన ఇల్లు ఒకటుంది. అక్కడ ఎవరో చెయ్యెత్తుతారట... ఆడో మగో తెలీదట. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పేవాళ్ళు మాత్రం టీకొట్టు నిండా ఉన్నారు.

వ్యానక్కకి ఆ మలుపంటే భయం లేదు. ఆవిడ భయమల్లా గేరుబాక్సు గురించే.

కొండ అవతల ఆసుపత్రి ఉంది. రాత్రి డ్యూటీ నర్సులను అక్కడ దించి, ఖాళీ వ్యాన్‌తో కొండెక్కి దిగి ఇంటికి రావడం ఆవిడ పని. అందరూ వ్యానక్క అనే పిలుస్తారు. ఆటోమేటిక్ గేరు బండి. పోయిన నెల కొండ ఎక్కుడులో గేరుబాక్సు నూనె ఉడికి, పొగలు కక్కి, నడిరోడ్డు మీద చతికిలబడింది. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ తేల్చేశాడు.

"ఈసారికి బతికింది. ఇంకోసారి ఉడికితే పాత ఇనుమే, అమ్మా."

బండి లేకపోతే ఇల్లు లేదు. కూతురి హాస్టలు, అత్తగారి మందులు — అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే.

అందుకే తమ్ముణ్ణి వెంటేసుకుని విడిభాగాల కొట్టుకి వెళ్ళింది. గేరుబాక్సు ఎంత వేడెక్కిందో చూపించే మీటరు కావాలి. చవగ్గా కావాలి.

కొట్టాయన మూడు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది సినిమా తెరలా రంగులు చిమ్ముతోంది.

"దీంట్లో పాటలు కూడా వస్తాయమ్మా."

"గేరుబాక్సుకి పాటలెందుకన్నా? జోలపాడాలా?"

రెండోది సూది మీటరు. గతుకు వస్తే సూది ఊగుతుంది, చీకట్లో సరిగ్గా కనబడదు. మూడోది అగ్గిపెట్టెంత. ఎర్రటి అంకెలు, పొడుగాటి వైరు, వైరు చివర వేలెడంత సెన్సరు.

తమ్ముడు ఆ సెన్సరుని వెలుతురులో తిప్పి చూశాడు. "ఇది చాలక్కా. పై మెరుపులతో మనకేం పని? నూనెలో మునిగే ఈ పుల్ల నిజం చెప్తే అదే పదివేలు."

"నూరు దాటితే కూత పెడుతుంది. అప్పుడు ఆపెయ్యండి" అన్నాడు కొట్టాయన.

అదే కొంది.

తమ్ముడికో గుణం ఉంది. ఏ పనైనా కంటికి కనబడేంత వరకూ చేస్తాడు. కనబడనిది రేపు. ఆ సాయంత్రమే మీటరు స్టీరింగు పక్కన బిగించి, అంకెలు వెలిగించి, "అయిపోయిందక్కా!" అని చెప్పి, పొరుగూరి పనికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నర్సులను దించి ఎక్కుడు మొదలెట్టింది. కళ్ళు సగం రోడ్డు మీద, సగం మీటరు మీద.

ముప్పై నాలుగు.

ఎండాకాలం. నిలువెత్తు ఎక్కుడు. అయినా ముప్పై నాలుగు! నూరెక్కడ, ఇదెక్కడ... నా తల్లే అనుకుంది.

అయినా ఎందుకైనా మంచిదని, సగం కొండ ఎక్కాక బండికి కాస్త ఊపిరాడనిద్దామనుకుంది. పక్కకి తీయడానికి చోటున్నది ఆ మలుపులోనే. ఆపింది. ఇంజను నడుస్తూనే ఉంది.

ముప్పై... ఇరవై రెండు... పన్నెండు...

ఒక్క ఆకు కదల్లేదు. ఆవిడ అది చూళ్ళేదు. మెడ వెనక సన్నగా చలి తగిలింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది అనుకుంది — అంతే.

తొమ్మిది.

ఇక రోజూ అక్కడే ఆపడం. ఆ సంగతి చెప్తే ఓ నర్సు నవ్వింది. "ఏంటక్కా, దెయ్యానికి లిఫ్టిస్తున్నావా?"

"ఇస్తే ఏంటట? గేరుబాక్సు చల్లగా ఉంటుందంటే ముందు సీట్లో కూర్చోబెడతా!"

వారం తిరిగాక తమ్ముడొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. ఇంటి ముందే బండి కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినబడింది.

"నూనె భేషుగ్గా ఉందక్కా. ఎక్కుడులో మధ్యలో ఆపేదానివా?"

"ఆ. ఆ పాడిల్లు మలుపులో. అక్కడ తొమ్మిదికి దిగుతుందిరా! ఒక్కోరోజు ఏడు. ఎంత మంచి మీటరో!"

కింద పానా చప్పుడు ఆగింది.

తమ్ముడు మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చాడు. "ఏడా?"

"ఏడే. ఏం?"

"అక్కా... ఆ పుల్ల ఇంకా నూనెలో పెట్టలేదు. వాషరు దొరకలేదు. ఇవాళ పెడదామనే వచ్చా." గొంతు తగ్గించాడు. "వైరు చుట్టి సీటు కుట్లలోకి దోపి పోయా."

"ఏ సీటు?"

వెనక తలుపు జరిపి చూపించాడు. చివరి సీటు. కుట్లు ఊడిపోయాయని నర్సులెవరూ అందులో కూర్చోరు.

ఆవిడ ఆ సీటు వంక చూసి వెనక్కి జరిగింది. గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"అంకె మళ్ళీ ఎక్కడ పెరిగేది?" గుసగుసగా అడిగాడు. "మలుపు దాటాకా?"

తల అడ్డంగా ఊపింది.

"కొండ దిగాకా?"

ఊహూ.

"మరి...?"

"మన గేటు దగ్గర." అటు వేలు చూపించింది. "ఇంజను ఆపకుండా గేటు తీయడానికి దిగేదాన్ని. తిరిగొచ్చి కూర్చునేసరికి... ముప్పై నాలుగు."

ఇద్దరూ గేటు వంక చూశారు. ఆ తర్వాత ఇంటి వంక. లోపల అత్తగారు తప్ప ఎవరూ లేరు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

అప్పుడు వినబడింది, వెనక గదిలోంచి అత్తగారి కేక —

"అమ్మాయ్! ఇంకో దుప్పటి తెచ్చిపెట్టవే. అట్లాగే... మంచం మీద వీళ్ళని కాస్త జరగమని చెప్పు!"