నవ్వులు తీసేసినవాడు

"నవ్వులు ఎవరు తీసేశారు?"

ఆమె తలుపు తోసిన ఊపుకి బల్ల మీది కాఫీ తొణికింది. టీవీ ఛానెల్లో ఆమె ఎడిటర్. చాటున అందరూ 'మిరపకాయ' అంటారని ఆమెకీ తెలుసు.

కొత్తగా చేరిన సౌండ్ ఇంజనీర్ హెడ్‌ఫోన్స్ తీశాడు. "నేనేనండీ. మేనేజర్ గారు తీసెయ్యమన్నారు. ఈ కాలం పిల్లలకి వెనకాల నవ్వులు నచ్చవట."

"ఆయన గడ్డి తినమంటే తింటారా?"

పాతికేళ్ళ నాటి హాస్య సీరియల్ 'సగం మంత్రం'. దాన్ని బాగుచేసి ఆదివారం నుంచి మళ్ళీ వెయ్యబోతున్నారు. అందులో ఒక మామయ్య ఏ మంత్రం వేసినా సగమే పారుతుంది. ఇంటి ఓనర్ని మాయం చెయ్యబోతే ఆయన మీసం మాత్రం మాయమవుతుంది. పిల్లిని చిలకను చెయ్యబోతే, పిల్లే ఎగిరి అటకెక్కి మ్యావ్‌మంటుంది. జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి తీసిన సీరియల్ అది. ఆ నవ్వులన్నీ నిజం నవ్వులే.

"మా అమ్మా నాన్నా మాట్లాడుకునేవారు కాదు," అందామె. గొంతులో కోపం ఇంకా మండుతూనే ఉంది. "ఉప్పు కావాలన్నా మధ్యలో నేనే. ఆ అరగంట మాత్రం ఇద్దరూ కలిసి నవ్వేవారు. టీవీలో అంతమంది నవ్వుతుంటే వాళ్ళకీ ధైర్యం వచ్చేది. మీరు తీసి పారేసింది దాన్ని."

అతనికీ రోషం వచ్చింది. "మా ఇంట్లో టీవీయే లేదండీ. పక్కింటి కిటికీ కింద నిలబడి వినేవాణ్ణి. బొమ్మ కనబడేది కాదు, నవ్వులే వినబడేవి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఏడుపొచ్చేది. ఇప్పటికీ ఆ నవ్వులు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బొమ్మ వైపు చూడకుండానే తీసేశాను."

ఆ మాటకి ఆమె కోపం రెట్టింపైంది. కుర్చీ లాక్కుని, పాత టేపు పెట్టి, "చూడండి," అని గదిమింది.

అతను చేతులు కట్టుకుని చూశాడు. మీసం మాయమైంది. పెదవి బిగబట్టాడు. ఓనరు మూతి తడుముకుని, "నా పరువేదయ్యా?" అని మంచం కింద వెతకడం మొదలుపెట్టేసరికి అతని వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇందుకా వాళ్ళంతా నవ్వింది?" అన్నాడు.

ఆమె మొహం తిప్పుకుంది. తనకీ నవ్వొస్తోందని అతనికి తెలియడం ఇష్టం లేదు.

ఆదివారం సీరియల్ నవ్వులతోనే వచ్చింది. మేనేజర్ ఎలా ఒప్పుకున్నాడో ఆమెకి అంతు చిక్కలేదు. సోమవారం పొద్దున్నించీ మెచ్చుకోలు ఫోన్లే. మేనేజరే ఆమెని పిలిచి చెప్పాడు. "ఆ కుర్రాడు అదృష్టవంతుడమ్మా. ఇది తన సొంత నిర్ణయమని, తేడా వస్తే తనని తీసెయ్యమని, మీ జోలికి రావద్దని పట్టుబట్టాడు."

ఆమె మెట్ల మీద అతన్ని నిలేసింది. "నన్ను కాపాడమని మిమ్మల్నెవరు అడిగారు? పోట్లాడింది నేను. తిట్లు పడితే నేను పడతాను. మధ్యలో మీ గొప్పేమిటి?"

"గొప్ప కాదండీ." అతను కింది మెట్టు మీదే ఆగిపోయాడు. "మీరు లేని ఆఫీసుకి నాకు రాబుద్ధి కాదు. అందుకని."

పైనుంచి దిగుతున్న అకౌంటెంటు ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ పైకెక్కేశాడు.

"ఈ ముక్క ముందు నాతో చెప్పాలా, ఆయన దగ్గర ఉద్యోగం పణంగా పెట్టాలా?"

"మీతో చెప్పాలంటే భయం. ఆయనంటే లేదు."

ఆమె మొహంలో కోపం చెక్కుచెదరలేదు. ఒక మెట్టు దిగి అతని పక్కన నిలబడింది.

"మళ్ళీ చెప్పు," అంది. "ఈసారి భయపడకుండా."