అవతల ఆనుకున్నది

దెయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకన. ఎవరిని కదిలించినా చూసింది వాళ్లు కాదు, వాళ్ల తోడల్లుడి స్నేహితుడు. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు. కనపడలేదు కనుక లేదనే అంటాను. మా బావమరిది నాగేశ్వర్లు ఉన్నాడు, అది చాలు.

నాగేశ్వర్లు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపాడు. పిల్లలు పలకలు మానేసి ఫోన్లు పట్టుకున్నాక దాన్ని మూసేసి తనూ ఫోను పట్టుకున్నాడు. అందులో ఎవరో కుర్రాళ్లు కొండలెక్కి పాడుబడ్డ కోటలు చూపిస్తుంటారు. అరుపులు ఎక్కువ, కోట తక్కువ. అవి చూసీ చూసీ, గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఒక కోట ఉందని, దాని వెనక గుహ ఉందని, పోదాం రమ్మని నా ప్రాణం తోడేశాడు.

గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి. మా ఆవిడ కన్యకాపరమేశ్వరికి ఉన్నది ఒక్కడే తమ్ముడు. బయల్దేరేటప్పుడు ఆమె కారు తలుపు పట్టుకుని వదల్లేదు.

"వాడు ఎట్లాగూ వినడు. మీరన్నా మెల్లగా నడిపించండి. పంపించినోన్ని పంపించినట్టు తెచ్చి నాకు అప్పజెప్పండి."

"నీ తమ్ముడేమన్నా గాజు సామానా?" అన్నాను.

"కాదక్కా, పలకను," అన్నాడు వెనక సీట్లోంచి నాగేశ్వర్లు. తన జోకుకు తనే నవ్వుకున్నాడు. ఆ ఇంట్లో అందరికీ ఆ అలవాటుంది.

కోట అంటే ఏదో అనుకునేరు. తుమ్మచెట్ల మధ్య నడుమెత్తు గోడ, సగం కూలిన బురుజు, దాని మీద సున్నంతో రాసుకున్న ప్రేమికుల పేర్లు. కర్నూలు కాలేజీలో నేను బి.ఏ. చదివేటప్పుడు (అప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది, తర్వాత మమ్మల్నెవరూ అడక్కుండానే ప్రకాశంలో కలిపారు) చరిత్ర లెక్చరరు ఒకాయన ఏడాది పొడుగునా కోటల గురించే చెప్పాడు. ఊళ్లో ఉన్న బురుజు మాత్రం ఎక్కి చూడలేదు. మెట్లెక్కితే ఆయాసమట. ఈ రాళ్లగుట్టను చూశాక ఆయన తెలివైనవాడే అనిపించింది.

డ్రైవరు మురళీకృష్ణ కారు దిగనేలేదు. "ఇట్లాంటి రాళ్లు మా ఇంటెనక కూడా ఉన్నాయి సార్. మీరు పోయి రండి," అని సీటు వెనక్కి వాల్చాడు.

గుహ బురుజు వెనక ఉంది. మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. వంగి లోపలికి అడుగు పెట్టగానే ఆ ఎండ ఎటు పోయిందో తెలియదు. గబ్బిలాల పెంట వాసన. దాని అడుగున ఇంకో వాసన, చాలాకాలం మూసి ఉంచిన ఇత్తడి బిందె తెరిచినట్టు. ఎక్కడో ఒక చుక్క నీళ్లు పడుతోంది. ఫోను లైటులో చివరి గోడ కనపడింది. పలకరాయి. ఎవరో చెక్కి నిలబెట్టినట్టు నున్నగా, నల్లగా, పైదాకా.

పలకల వ్యాపారం చేసినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. రాయి కనపడితే మెటికతో రెండు దెబ్బలు కొట్టి చెవి పెడతారు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా పలికితే లోపల చీలిందనో, వెనక ఖాళీ ఉందనో అర్థం. నాగేశ్వర్లుకు ఈ జబ్బు బాగా ముదిరింది. పుచ్చకాయను కొడతాడు. కొడుకు పెళ్లిచూపులకు పోయిన ఇంట్లో గోడను కొట్టాడు. ఆ సంబంధం అందుకే తప్పింది.

ఇక్కడ ఊరుకుంటాడా. రెండు దెబ్బలు కొట్టాడు.

"డొల్ల," అన్నాడు. "ఎనకాల పెద్ద ఖాళీ ఉంది బావా."

"చూసినావుగా, పద."

చెవి ఆనించి మళ్లీ కొట్టాడు. ఈసారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏంది?"

"ఇప్పుడు గట్టిగా పలికింది."

"రాయికి కూడా నీలాగే పూటకో మాట."

అతను నవ్వలేదు. రెండు బారలు పక్కకు జరిగి కొట్టాడు. నాక్కూడా వినపడింది, డొల్ల శబ్దం. అతను కాసేపు ఊరుకుని, అదే చోట మళ్లీ కొట్టాడు. ఖంగుమంది.

"యాభై ఏళ్ల నుంచి రాళ్లు కొడుతున్నా బావా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎనక నుంచి ఏదన్నా వచ్చి ఆనుకుంటే తప్ప రాయి ఇట్ల మారదు."

"ఎలుగుబంటి అయ్యుంటుంది."

"ఎలుగుబంటి నా ఎంబడి ఎందుకు జరుగుతుంది?"

అతను మళ్లీ పక్కకు జరిగాడు. డొల్ల... ఆగాడు... గట్టి. ఇంకా పక్కకు. డొల్ల... ఈసారి అంతసేపు ఆగనక్కర్లేకపోయింది.

నీటిచుక్క పడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

"చాలు. రా," అన్నాను.

"రాయి వెచ్చగా ఉంది బావా."

"నాగేశ్వర్లూ, మీ అక్కకు నేనేం చెప్పాలి? రా."

అతని మొహం మీద చెమట. ఛాతీ పట్టుకుని ఊపిరి కోసం వెనక్కి తిరిగి, ఆ పలకకే వీపు ఆనించి నిలబడ్డాడు. వద్దని అనేలోపే ఆనించేశాడు.

అప్పుడు వినపడింది.

అవతలినుంచి. రెండు దెబ్బలు. తొందర లేకుండా... సరిగ్గా అతని వీపు ఆనిన చోట.

తర్వాత ఏమీ లేదు. అటువైపు ఎవరో చెవి ఆనించి వింటున్నంత నిశ్శబ్దం.

నాగేశ్వర్లు కళ్లు నా మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం కదిలాయి.

"బావా... నేనెట్ల పలికినాను?"

చెయ్యి పట్టి లాగాను. డెబ్బై దాటినవాణ్ని, అంత బరువైన మనిషిని ఎట్లా లాగానో నాకే తెలియదు. లాగుతుంటే చొక్కా రాయికి అతుక్కున్నట్టు ఒక్క క్షణం ఆపింది, తర్వాత వదిలింది. బయట ఎండ అట్లాగే ఉంది. మురళీకృష్ణ గురక పెడుతున్నాడు.

మార్కాపురం చేరగానే డాక్టరుకు చూపించాం. గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. మా ఆవిడ ఎదుట తమ్ముణ్ని నిలబెట్టి, ఇదిగో అప్పజెప్పానన్నాను. ఆమె అతణ్ని ఎగాదిగా చూసి, అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది.

ఆ వారంలోనే అతని భార్య రజిని ఫోను చేసింది. మేడ మీద గదిలో వీధివైపు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడట. అన్నం అక్కడే, నిలబడే. నిద్ర కూడా అట్లాగేనట. మా ఆవిడ ఒకటే పోరు, వాణ్ని మనింటికి తీసుకురండి అని. చివరికి నేనే పోయాను.

"ఏంది ఈ వేషాలు?" అన్నాను. "సినిమా వాళ్లు కూడా ఇంత చెయ్యరు. పద, మీ అక్క వండి కూర్చుంది."

"నేను తప్పుకుంటే ఇటుపక్క డొల్లయిపోతుంది బావా," అన్నాడు మెల్లగా, ఎవరినో లేపకూడదన్నట్టు. "ఇక్కడ ఎవరూ లేరని దానికి తెలిసిపోతుంది."

"ఇది గుహ కాదురా. మేడ. ఆ గోడకు అవతల గాలి తప్ప ఏమీ లేదు."

అతను నన్ను జాలిగా చూశాడు. నన్ను, అతను. ఒళ్లు మండి చెయ్యి పట్టి లాగబోయాను. రెండడుగుల దూరం నుంచే ఆ గోడ వెచ్చదనం నా అరచేతికి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎండకు కాలిన గోడ అంతే, అనుకుంటూ మెట్లు దిగాను. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు.

వీధిలో ఆటో కోసం నిలబడి, ఊరికే తలెత్తి చూశాను. ఆ గోడకు సజ్జ లేదు, పైపు లేదు, కాలు పెట్టే చోటు లేదు. కొత్తగా వేయించిన తెల్ల రంగు. మేడ మీద, సరిగ్గా మనిషి వీపు ఎత్తున, ఒక్క చోట మాత్రం రంగు అరిగిపోయి జిడ్డుగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఎవరో ఆనుకుని నిలబడితే పడే మరక.

దానికి కొంచెం ఎడంగా, ఇందాక లోపల నేను చెయ్యి చాచిన వైపున, ఇంకొకటి. పలచగా, ఇప్పుడిప్పుడే మొదలైనట్టు.